కుడి బూటు ఇయ్య

రామకృష్ణాపూర్,
మంగళవారం.

నా పానమసోంటి కొడుకు రఘుపతికి,

సాక్షుల కాయిదం గనుక మొదటికెల్లి చెప్త. నా పేరు దుర్గం సారక్క. డెబ్బై రెండేండ్లు. మీ బాపు సదయ్య పోయినకాన్నుంచి రామకృష్ణాపూర్ల బిడ్డ ఇంట్ల ఉంటున్న. ఇంట్ల నేను, బిడ్డ, అల్లుడు, మనుమరాలు హర్షిణి. నాకు అచ్చరం రాదు. ఫోన్ చేస్తె నువ్వు కట్ చేస్తున్నవు. అందుకే చెప్తున్న, హర్షిణి రాస్తున్నది. తిట్లు మాత్రం కొన్ని తీసేస్త అంటున్నది.

నీ కుడి బూటు కుక్క ఎత్కపోలె. నేనే దాచిన. సోమవారం ఫస్టు షిఫ్టుకు పోత అని నువ్వు సంచి సదురుకుంటుంటె బియ్యం డబ్బల పెట్టిన. ఎడమ బూటొక్కటి ఏసుకొని, నన్ను తిట్టుకుంట గోదావరిఖని బస్సెక్కినవు. తిట్టు. ఇంకో జత తెచ్చుకుంటె దాని కుడిది గూడ మాయం చేస్త.

ఆదివారం నువ్వు మంచం మీద కాళ్లు చాపితె నీ అరికాలు చూసిన. నడుమ, గుంట ఉండేకాడ, అల్లనేరేడు పండు పిసికినట్టు నల్లగ కమిలింది. ఏందిరా అంటె "ఏం లేదవ్వా, బెణికింది" అన్నవు. గుచ్చి గుచ్చి అడిగితె చెప్పినవు. గనిల బొగ్గు టబ్బులు నడిచే ఇనుప పట్టా కింద మునివేళ్లు ఇరికినయట, మడిమ లేచిందట, ఒళ్లు బరువంత దాని మీదనే పడ్డదట. మునివేళ్ల మీద లెవ్వమన్న. గోడ పట్టుకున్నవు. లేవలె.

దెబ్బ తాకిందని గని మీద ఎవలకు చెప్పలె నువ్వు. ఎందుకంటె నువ్వు కుంటుడు చూసి, నీతోని గనిల పనిచేసే మొగిలి నవ్విండు. "ఏంది బావా, అన్‌ఫిట్ రాయించుకొని నీ జాగల కొడుకును నౌకరిల పెడుతున్నవా?" అన్నడట. ఆ ఒక్క మాటకు సిగ్గుపడి, బయట ఎవలో ప్రైవేటాయన దగ్గరికి పోయినవు. ఆయన పండుకోబెట్టి ఎక్స్‌రే ఫోటో తీసి, బొక్క ఇరగలె, మూడు రోజులు పండుకుంటె చాలన్నడు.

మా గల్లిల నర్సు పని చేసి రిటైరైన డెబోరక్కను అడిగిన. "పండుకుంటె బొక్కలు సక్కగనే కనవడతయి సారక్కా. నిలబెట్టి, కాలు మీద బరువు పడ్డంక తియ్యాలె. రెండు కాళ్లయి పక్కపక్కన పెట్టి చూడాలె. అరికాలు నల్లగైతె బెణుకని ఇడువద్దు. అప్పటిదాంక కాలు కింద పెట్టనియ్యకు, రుద్దుడు గూడ వద్దు" అన్నది.

రుద్దుడు అన్న మాటకు నాకు మీ బాపు కాలు యాదికొచ్చింది. ఇన్నేండ్లు నీకు చెప్పని ముచ్చట చెప్త, ఇను. నువ్వు బడికి పోయేటప్పుడు మీ బాపుకు గదే కాలు, గదే నలుపు. ఉప్పు కాపడం పెట్టిన. నూనె రాసి బలంగొద్ది రుద్దిన. డ్యూటీకి నాగాలయితున్నయని నాలుగోనాడు లేపిన. "ఈ మాత్రానికే పండుకుంటె ఇల్లెట్ల నడుస్తది?" అన్న. ఆయన వద్దంటున్నా కూసుండబెట్టి బూటు నేనే తొడిగిన. లేసు గట్టిగ గుంజి కట్టిన. అరికాలి గుంట కూలి పాదం పలక లెక్కయింది. సచ్చేదాంక ఒక్క మెట్టు దిగాల్నంటె పండ్లు కొరుక్కున్నడు. నన్ను మాత్రం ఒక్కనాడు ఒక్క మాట అనలె. అంటె బాగుండు.

ఇప్పుడే మొగిలి వచ్చిండు. బూటు తెమ్మని నువ్వే తోలినవట. కూసుండబెట్టి ఈ కాయిదమంత సదివిపిచ్చిన. తలకాయ కిందికేసిండు. "అత్తా, నేను ఉత్తగనే అన్న" అన్నడు. సాక్షి సంతకం పెడితెనే చాయ్ పోస్త అన్న.

కొడుకా, దెబ్బ తాకిందని గని మీద రాయించు. నిలబెట్టి ఫోటో తీపియ్యి. అప్పటిదాంక బూటు ఇయ్య. నవ్వేటోళ్లుంటె నా దగ్గరికి తోలు.

నీ అవ్వ సారక్క వేలిముద్ర.
సాక్షులు: డెబోరా.
మొగిలి. నవ్వినోన్ని నేనే.

*

రామకృష్ణాపూర్,
బుధవారం.

కొడుకా రఘుపతీ,

రెండు నెలలు దాటినంక మల్ల బూటు పంపుమని హర్షిణిని ఫోన్ల అడిగినవట. నేను కాయిదం మీదనే జవాబిస్త.

నువ్వు గని మీద దెబ్బ రాయించినంక, పెద్ద దవాఖానల నిన్ను నిలబెట్టి ఫోటో తీసిననాడు నేను గూడ ఉన్న. బొటనవేలి బొక్కకు, పక్కదానికి నడుమ సందు. ఎడమ కాలికి లేదు. అచ్చరం రాని నాకు గూడ కనవడ్డది. ఉబ్బు దిగినంక రెండు స్క్రూలేసిండ్రు. ఏడు వారాలు నువ్వు కాలు నేలకు తాకనియ్యలె. మొగిలి నిన్ను ఈపున ఏసుకొని మెట్లెక్కిచ్చుకుంట "బావా, నీకన్న బొగ్గు నయం" అని ఒర్రుడు గల్లి మొత్తం ఇన్నది.

ఇప్పుడు డ్యూటీ అంటున్నవు. డాక్టరు మెల్లగ బరువు పెట్టుమన్నడు, గనిల దిగుమనలె. ఆయన సరే అన్ననాడు ఇక్కడికి రా. గోడ పట్టుకోకుంట నా ముందట కుడి మునివేళ్ల మీద లే. లేస్తె బియ్యం డబ్బల నుంచి బూటు నేనే తీస్త, నేనే తొడుగుత.

లేసు మాత్రం నువ్వే కట్టుకో. ఎంత గట్టిగ కట్టాల్నో నీ కాలికే ఎరుక.

నీ అవ్వ సారక్క వేలిముద్ర.
సాక్షులు: డెబోరా, మొగిలి.
రాసింది: హర్షిణి. ఈసారి తీసేసిన తిట్లు రెండే, మామా.