పార్కు దగ్గర చెప్పాల్సిన మాటలు

ముదినేపల్లి,
బుధవారం.

ప్రియమైన దానమ్మకు,

ప్రభువు దయ వల్ల ఇక్కడ నేనూ శ్రావ్యా క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం మామూలు. నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

హన్నమ్మ వాళ్ళమ్మ భూస్థాపన అయిన మర్నాడు వచ్చి, జాకెట్టు మడతలోంచి నీ ఉత్తరం తీసి ఇచ్చింది. "వదిన బాగా చిక్కిపోయింది అన్నయ్యా. మేడమ్ గారు ఫోను లాగేసుకున్నాక మనిషి నాతో కూడా గుసగుసగానే మాట్లాడుతోంది," అంది. మళ్ళీ అక్కడికి రావడానికి, విమానం కోసం రేపు తాడేపల్లిగూడెంలో రైలెక్కుతోంది. తన వంటపని మేడమ్ గారి చెల్లెలి ఇంట్లోనే, వాళ్ళూ ఇప్పుడు అక్కడే ఉన్నారు కాబట్టి వారంలోపు నిన్ను కలుస్తుంది. ఈ కాగితం గోంగూర పచ్చడి డబ్బా కింద పెట్టి తెస్తానంది.

నువ్వడిగిన వాటిలో తేలికైనవి ముందు రాస్తాను. శ్రావ్య ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చింది. పొద్దున ఏలూరు బస్సు కోసం రోజూ పరుగే. నీ కుట్టుమిషను మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడం లేదు. చేపల ప్యాకింగు షెడ్డులో నా లెక్కల పని మామూలే. వానకి కొల్లేటి కట్ట మీద లారీలు దిగబడి రెండు రోజులు ఖాళీగా కూర్చున్నాం.

ఇక అసలు సంగతి. మేడమ్ వాళ్ళు గల్ఫ్‌లో ఇంటిపనికి పెట్టుకున్న నిన్ను వేసవికని స్పెయిన్ తీసుకెళ్ళాక, పిల్లల్ని ఆడించే పార్కు దగ్గర రోజూ ఒక ఆడ పోలీసు ఉంటోందని, ఆవిడకి ఏం చెప్పాలో వాళ్ళ భాషలో రాసి పంపమని అడిగావు. ఈ ఇరవై రోజులూ ఫోనులో పాఠాలు చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. స్పెయిన్‌లో ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చిన కాన్వెంటు సిస్టర్ గారు ఏలూరులో ఉన్నారని తెలిసి, తీసుకెళ్ళి చూపించాను.

"ఏమండీ ప్రభుదాసు గారూ, తెలుగులో నాలుగు మాటలు ఆడరు, స్పానిష్‌లో నలభై పేజీలు రాశారే!" అని నవ్వారు. తర్వాత అంతా చదివి, "మీ ఆవిడ పరీక్ష రాయడం లేదు కదండీ. ఒక్క పేజీ చాలు," అన్నారు.

ఆ ఒక్క పేజీ ఇది. యో అంటే నేను. ఎయ్యా అంటే ఆమె. పోలీసావిడని ఉస్తెద్ అనాలి, మన మీరు లాగా. మనం వస్తాను, వస్తావు అంటే ఎవరో తెలిసిపోయినట్టే, వాళ్ళకీ క్రియ చివర్లోనే మనిషి తెలుస్తుంది. నీ గురించి చెప్పుకుంటే చివర ఓ వస్తుంది. త్రబాహో, పని చేస్తున్నాను. కియేరో, నాకు కావాలి. తెంగో, నా దగ్గర ఉంది. మేడమ్ గురించైతే త్రబాహా, కియేరే, తియేనే. జరిగిపోయినవి చెప్పే రూపాలు నేనింకా నేర్చుకోలేదు. ఇప్పుడు జరుగుతున్నది చెబితే చాలన్నారు సిస్టర్ గారు.

ఈ నాలుగూ నోటికి పట్టించు.

నెసెసీతో ఆయూదా. నాకు సాయం కావాలి.
నో తెంగో మి పసపోర్తె. నా పాస్‌పోర్టు నా దగ్గర లేదు.
లా సెన్యోరా లో తియేనే. అది మేడమ్ దగ్గర ఉంది.
కియేరో ఇర్ ఆ మి కాసా. నేను మా ఇంటికి వెళ్ళాలి.

శ్రావ్య పోలీసులా నిలబడి నా చేత చెప్పించింది. "గట్టిగా నాన్నా! ఇలాగైతే పక్కనున్న పిల్లికి కూడా వినపడదు," అంది. మూడోసారికి గానీ నా గొంతు లేవలేదు.

ఆ ఇంటి అడ్రసు నీకూ హన్నమ్మకూ తెలియదు. అందుకని ఇక్కడి నుంచి ఎవరికి మొర పెట్టుకున్నా ఇల్లు చూపించలేకపోతున్నాం. చెప్పాల్సింది నువ్వే.

"మీరు ఊఁ అంటే వెళ్తానండీ, లేకపోతే ఓర్చుకుంటాను," అని రాశావు. దానికి జవాబు రాసే ముందు ఒకటి ఒప్పుకోవాలి.

జనవరిలో నువ్వు ఫోనులో ఏడ్చి, నిన్ను పంపిన ఏజెంటుని అడిగి పనిచేసే ఇల్లు మార్పించమన్నావు. అడిగాను, రెండేళ్ళు నిండాలంటున్నాడు అని చెప్పాను. నేను అడగలేదు దానమ్మా. ఏలూరులో అతని ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. లోపల నలుగురు పెద్దగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్య నోరు విప్పడానికి బెదిరి, గంటసేపు కింద నిలబడి వచ్చేశాను. రెండేళ్ళ మాట నేను కల్పించింది.

మొన్న సోమవారం వెళ్ళి అడిగాను. "ఆర్నెల్లలోపు ఇల్లు మార్చుకోవచ్చని మా కాగితంలోనే ఉంది కదండీ. జనవరిలో చెప్పుంటే వారంలో మార్పించేవాణ్ణి. ఇప్పుడు దేశం దాటిపోయాక నన్నేం చేయమంటారు? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అన్నాడు. శ్రావ్యకి ఈ సంగతి ఇంకా తెలియదు.

అందుకని నా ఊఁ కోసం చూడకు. అది నమ్ముకుని ఇప్పటికే ఇన్ని నెలలు పోగొట్టుకున్నావు. ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు దాచుకోవడం అక్కడ నేరమట, తప్పు నీది కాదు. జనం ఏమనుకుంటారో అని రాశావు, ఆ సంగతి నేను చూసుకుంటాను. మాటలు నోటికి వచ్చాక ఈ కాగితం చింపి పారెయ్యి, మేడమ్ కంట పడకూడదు. పోలీసావిడ ముందు అన్నీ మర్చిపోతే ఆయూదా అన్న ఒక్క మాట చెప్పి, అక్కణ్ణుంచి కదలకు.

ఇంటికొచ్చాక నన్ను ఏమన్నా పడతాను. ముందు అక్కడ నోరు తెరువు.

ఇట్లు,
శ్రావ్య నాన్న,
ప్రభుదాసు.