నాగమ్మ పిడికెడు బియ్యం

ముత్తియాల్‌పేట, శుక్రవారం రాత్రి.

నిద్ర పట్టడం లేదు. దొరల మిల్లు మూతపడ్డాక మా సంఘం గంజి పందిరికి వచ్చేవాళ్ళు పెరిగారు, ఇచ్చేవాళ్ళు తగ్గారు. వంటకు ముందు రోజూ పిడికెడు బియ్యం పందిరి కోసం విడిగా ఓ కుండలో వేసి ఉంచే ఇళ్ళే మాకు ఆధారం. శుక్రవారం సంచి పట్టుకుని తిరిగి పోయించుకొచ్చేది నేనే.

పొద్దున నాగమ్మ ఇంటి ముందు ఆగలేదు. మొగుడికి మిల్లు పని పోయింది, అడగడానికి నోరు రాలేదు. ఆమె వీధిలోకొచ్చి అరిచింది.

"ఏందన్నా, నా గడప యాడుందో మర్సిపోయినావా? మా పొయ్యి ఆరిపోయిందని వీధికంతా చాటాలనా?"

కుండ తెచ్చి నా సంచిలో వంచింది. అడుగున ఉన్న కాసిని గింజలు రాలాయి.

మధ్యాహ్నం గంజి వరుసలో అందరికన్నా చివర, ముఖం మీదికి కొంగు లాక్కుని నిలబడింది ఆమే. నాలుగు మెతుకులు ఎక్కువ రావాలని గరిటె అడుగుదాకా దించాను.

"అందరికీ పోసినట్టే పొయ్యన్నా," అంది మెల్లగా.

వచ్చే వారం గంజి ఇంకా పలచన చెయ్యక తప్పదేమో. ఎన్ని కుండలు ఖాళీగా ఎదురొస్తాయో... నాగమ్మ గడప ముందు మాత్రం ఆగాలి. ఆ పిడికెడు నేను పుచ్చుకోకపోతే, ఆమె గంజికి రాదు.