ఎనిమిది డిగ్రీల గడి

బావగారికి,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక లేదు. మన మందుల షాపు ఫ్రిజ్‌లో వేడి ఎనిమిది డిగ్రీలు దాటితే, రోజూ ఆ లెక్క రాసే ఎక్సెల్‌లో గడి ఎర్రబడేలా ఫార్ములా పెట్టింది నేను. ఫ్రిజ్ బాగుచేయించమంటే, మీరు ఆ ఎనిమిదిని పద్దెనిమిది చేసి కూర్చున్నారు! పైగా, "చూశావా మరదలా, ఒక్క ఎరుపైనా ఉందా?" అని నన్నే అడగడానికి నోరెలా వచ్చింది?

ఫార్ములాకి తాళం వేశాను. పాస్‌వర్డ్ కోసం అక్కతో రాయబారాలు పంపకండి. ఫ్రిజ్‌లో వేడికి పాడైన ఇన్సులిన్ అంతా పారేయించాను. లబోదిబోమన్నా లాభం లేదు.

మీ అమ్మగారికి షుగర్ ఎందుకు దిగడం లేదని నిన్న డాక్టర్ మీద విరుచుకుపడ్డారట. ఆయన్ని వదిలేయండి. ఆవిడ కోసం మీరు ఇంటికి పట్టుకెళ్లే ఇన్సులిన్ కూడా ఆ ఫ్రిజ్‌లోదే.

మీ మరదలు