నలభై ఆరో లిఫ్టు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నీ అల్లుడి దగ్గు తగ్గింది. నీ మనవరాలి ఊగే పన్ను నిన్న ఊడింది. నీ మోకాలు ఎలా ఉంది? వార్డంతటికీ జాగ్రత్తలు చెప్పే పెద్ద నర్సువి, నీ దాకా వస్తే మాత్రం ఒక్కటీ చెవిన పెట్టవు.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. “ఆఫీసులో క్లౌడ్ డేటాబేసా, ప్రాజెక్టు సాఫ్ట్‌వేరా అని కొట్టుకుంటున్నామన్నావు. రెండూ కంప్యూటర్లో ఉండేవేగా, తేడా ఏంటే?” అన్నది ఒకటి. నేను నీకు రాసిన పాత ఉత్తరాన్ని నాకే తిరిగి పంపమన్నానెందుకు అన్నది రెండోది. రెండు జవాబులూ ఒకే చోట కలుస్తాయి. ఆదివారం మా వార్త మొదటి పేజీలో వస్తోంది. పొద్దుటి నుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అయినా వరసగా చెబుతాను.

నీ వార్డు గోడ మీద డ్యూటీ బోర్డు ఉంటుంది కదా. ఏ మంచానికి ఎవరు, ఏ ఇంజెక్షను ఎన్నింటికి. పని అయ్యాక తుడిచేస్తారు. ప్రాజెక్టు సాఫ్ట్‌వేరు అలాంటిదే. ఒక్కో పనికి తెర మీద ఒక కార్డు ఉంటుంది, పని ముగిస్తే దాన్ని ‘పూర్తయింది’ అన్న వరసలోకి జరుపుతాం. మరి కేస్ షీట్ల సంగతి? అవి రోగి ఇంటికెళ్లినా బీరువాలో ఉంటాయి. డేటాబేసు ఆ బీరువా. క్లౌడ్ అంటే, ఆ బీరువా మన గదిలో కాక వేరే కంపెనీ భవనంలో ఉంటుంది, ఎక్కడి నుంచైనా తెరుచుకోవచ్చు. పైగా ప్రశ్న అడిగితే జవాబు చెబుతుంది.

ఏం చెప్పిందో విను. ఈ ఏడాది ఊళ్లో ఆగిపోయిన, జారిపోయిన లిఫ్టులు నలభై ఆరు. అన్నిటికీ తనిఖీ పత్రాలున్నాయి. ఒకే రోజు నాలుగు చోట్లకు మించి సంతకం పెట్టిన అధికారి ఎవరైనా ఉన్నారా అని అడిగాం. రెప్ప వేసేలోగా జవాబొచ్చింది. ముప్ఫై ఒక్క పత్రాల మీద ఒకరిదే సంతకం. ఒక రోజైతే ఉదయం తొమ్మిదికీ పదిన్నరకూ మధ్య ఏడు భవనాలు, అవీ ఊరికి తలో మూల ఉన్నవి. మా ఎడిటర్ కుర్చీలోంచి లేచి, “ఈయన ఎక్కింది లిఫ్టు కాదమ్మా, హెలికాప్టరు!” అన్నారు. పదహారేళ్లలో ఆయన ఒక వార్త విని లేవడం ఇది రెండోసారి.

ఇక, నీకు చెప్పకుండా దాచింది.

ఈ వివరాలు మొదట డేటాబేసులో లేవు. సాఫ్ట్‌వేరు తెర రంగురంగులుగా బాగుందని అన్నీ కార్డుల మీదే రాయించింది నేను. మా సబ్‌ఎడిటర్ ఒకతను ఉన్నాడు, వాక్యం చివర చుక్క చూసుకోనిదే పేజీ వదలడని మేం ఫుల్‌స్టాప్ అంటాం. “అక్కా, ఇది పనులు రాసుకునే బోర్డు. సమాచారం దాచుకునేది కాదు” అని మొదటి రోజే చెప్పాడు. “నీ చాదస్తం నువ్వూనూ” అన్నాను. తెర శుభ్రంగా ఉండాలని ‘పూర్తయింది’ వరస ప్రతి నెలా ఒకటో తారీఖున చెరిగిపోయేలా నేనే అమర్చాను. అమర్చిన సంగతే మరిచిపోయాను. వివరాలు రాయడం అయిందని ఆ వరసలోకి జరిపిన నలభై ఆరు కార్డులూ ఒకటో తారీఖున పోయాయి.

సాఫ్ట్‌వేరు చూసుకునేది ఫుల్‌స్టాప్ కాబట్టి అందరూ అతని మీద పడ్డారు. “ఏం నొక్కావురా బాబూ!” అని ఒకరు, “చుక్క పెట్టమంటే కథే ముగించేశాడు” అని ఇంకొకరు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నేనే అమర్చానని గుర్తొచ్చినా నోరు విప్పలేదు. తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజుల్లో నలభై ఐదు లిఫ్టుల వివరాలు నా నోటుబుక్కుల్లోంచి ఏరాను, అతను డేటాబేసులోకి ఎక్కించాడు. బట్టల దుకాణం భవనంలోని లిఫ్టు ఒక్కటి మిగిలింది. ఆ రోజు నోటుబుక్కు ఇంట్లో మరిచి, వాచ్‌మన్ చెప్పింది ఫోనులోంచి నేరుగా కార్డులో రాశాను. ఆ వాచ్‌మన్ ఇప్పుడక్కడ లేడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సాయంత్రమే నవ్వుకుంటూ నీకు రాశానని.

నువ్వు తిరిగి పంపిన ఆ ఉత్తరంలో అంతా ఉంది. పదో తారీఖున మోటారు విప్పి మరమ్మతుకు పంపారు, ఇరవైన తెచ్చారు. పత్రం మీద తేదీ పద్నాలుగు. మోటారే లేని లిఫ్టు సాఫీగా నడుస్తోందని సంతకం! వాచ్‌మన్ పని మానేసి తమ్ముడి సైకిలు షాపులో చేరబోతున్నాడనీ రాశాను. వెళ్లి పట్టుకున్నాను. అతను అదే చెప్పాడు. మరమ్మతు షాపు రసీదులోనూ అవే తేదీలు.

నిన్న మీటింగులో అందరి ముందూ చెప్పేశాను, కార్డులు పోయింది నా అమరిక వల్ల, అతని వల్ల కాదని. ఫుల్‌స్టాపే అన్నాడు: “నాకు మొదటి రోజే తెలుసక్కా. ఎవరు ఏం మార్చారో పేరుతో సహా సాఫ్ట్‌వేరులో ఉంటుంది.”

“మరి చెప్పలేదేం?”

“మీరు చెప్తారని చూస్తున్నా.”

వార్త మీద ముందు అతని పేరు, తర్వాత నా పేరు వేయమన్నారు ఎడిటర్. “దేన్ని దేనికి వాడాలో ఒక పేజీ రాసివ్వు. ఈసారి అతన్ని అడిగి రాయి” అన్నారు. అడిగే రాశాను. ఒక పేజీ కూడా పట్టలేదు. చేయాల్సినవి బోర్డు మీద, జరిగినవి బీరువాలో.

డేటాబేసులో ప్రతి వివరం పక్కన ‘ఆధారం’ అని ఒక గడి ఉంటుంది. అది నింపనిదే ముందుకు కదలదు. ఫుల్‌స్టాప్ పెట్టిన నియమమే. నలభై ఆరో లిఫ్టు పక్కన అతనే టైపు చేశాడు: ‘వాచ్‌మన్. మరమ్మతు షాపు రసీదు. అమ్మకు రాసిన ఉత్తరం, రెండో పేజీ.’

అందుకని ఆ ఉత్తరం ఇక ఆఫీసులోనే ఉంటుందమ్మా. దాని చోట ఇది దాచుకో.

ఇట్లు,
తొమ్మిది రోజులు నోరు మూసుకున్న
నీ పెద్ద కూతురు