పేర్లు పడేదాంక

అక్కా,

ఎట్లున్నవ్? నువ్వు పోయి తొమ్మిది నెలలాయె. ఆ పొద్దు దవాఖానల నేను తాగిన చాయ్ ఇంకా గొంతు దిగలే. నువ్వు పానం ఇడిసేటాళ్లకు నేను కింద క్యాంటీన్ల గ్లాసు పట్టుకొని కూసున్న. ఏం మనిషిని నేను?

రెండు కొప్పులు ఒక్కకాడ ఇమడయంటరు. అన్నదమ్ముల పెండ్లాలం, మనం ముప్పై ఏండ్లు ఒక్క ఇంట్ల ఇమిడినం. నువ్వు పోయినంక నాకు మాట్లాడబుద్ధే కాలే.

నేను గట్లుండుడు చూసి నా బిడ్డ స్వప్న చాలెంజ్ పెట్టింది. వంద రోజులు, రోజుకొక్క సినిమా... అది నేను చూడనిదే ఉండాలె. పగటి బువ్వ తిన్నంక టీవీల పెట్టిపోతది. మొదట్ల ఇప్పటి సినిమాలు చూసిన. కొట్టుకునుడే కొట్టుకునుడు, పది నిమిషాలకే గురక! గిట్లైతే ఓడిపోతనని మన కాలం సినిమాలు పెట్టుమన్న. అవి చూసినవే కదా అని స్వప్న గులిగింది. ఏడ చూసిన? నువ్వు చెప్తే ఇన్న గంతే.

యాదికున్నదా? అత్తమ్మ ఇద్దరు కోడండ్లను ఒక్కసారి సినిమాకు పంపకపోయేది. నా చంకల స్వప్న. గందుకే నువ్వే ఆలూర్ నుంచి ఆర్మూర్ టాకీస్‌కు పోయేదానివి. తెల్లారి కళ్లంల పసుపు కొమ్ములు ఏరుకుంట సినిమా మొత్తం చెప్పేదానివి. పాటలు పాడుడు, విలన్ లెక్క, లేని మీసం తిప్పుడు... నేను ముక్కు చీదితే చాలు, "ఏడ్సుకుంట ఏరితే మన్ను కొమ్ములల్లనే ఉంటదే పోరీ" అనేదానివి.

నలభై ఒకటో రోజు ఆ రైల్వే గేటు సినిమా వచ్చింది. జైలు నుంచి అన్న వస్తడని చెల్లె రోజూ గేటు కాడ నిలబడ్తది. నువ్వు చెప్పిన కథల అన్న రైలు దిగుతడు, చెల్లె ఉరికొచ్చి సంచి అందుకుంటది, ఇద్దరు ఇంటికి పోయి జొన్నరొట్టె తింటరు. నేను గా రొట్టె కోసం కండ్లు ఇంతింత చేసుకొని కూసున్న. రొట్టె లేదు, ఏం లేదు! రైలొచ్చేసరికే చెల్లె సచ్చిపోయింది. సినిమా తప్పు పెట్టినవని స్వప్న మీద లేసిన.

తెల్లారి ఎడ్ల సినిమా. నువ్వు బతికించిన ఎద్దు అండ్ల సచ్చింది. మూడోది సుత గట్లనే. అమ్మ దొంగా! ఎన్ని అబద్ధాలు చెప్పినవ్ అక్కా...

మస్తు కోపమొచ్చింది, నవ్వు సుత వచ్చింది. తర్వాత యాదికొచ్చింది. స్వప్న ఎనుక నాకు పుట్టిన పిలగాడు పురిట్లనే కన్నుమూసిన ఏడాది నువ్వు చూసొచ్చిన సినిమాలవి. గా ఏడు నీ కథలల్ల ఒక్కరు సుత సావలే.

అప్పటిసంది ఒక్కటే మాట నా తలకాయల తిరుగుతున్నది. ఆ పొద్దు దవాఖాన మంచం మీద నుంచి ఏమన్నవ్? "నీ మొఖం ఎట్ల గుంజుకపోయిందో చూడు. జర చాయ్ తాగిరాపో, నేనేడికి పోత?" అన్నవ్. నేను నమ్మి పోయిన.

నీకు ఎర్కేనా అక్కా? ఎర్కుండే పంపినవా... ఆఖరి రీలు నేను చూడొద్దని?

రేపటితోటి వంద అయితయి. స్వప్న ఇంకో వంద అంటున్నది, సరే అన్న. ఒక్క సంగతి నీకు చెప్పాలె. గా మూడు సినిమాలైనంక, ఏ సినిమాల ఎవ్వరన్న సచ్చేటట్టు కనబడితే చాయ్ పెట్టుకుంటనని లేసి వంటింట్లకు పోయేదాన్ని. రేపటిసంది లేవ. ఎవ్వరు పోయినా సరే, ఆఖరి పేర్లు పడేదాంక కూసుంట.

నువ్వు పొమ్మన్నా పోను.

నీ యారాలు
లచ్చిమి