‘వద్దు’ బటన్

మార్చి 4, సోమవారం

వికలాంగుల పరికరాలు అమర్చేవాళ్ళకు సర్టిఫికెట్లిచ్చే మా సంస్థలో, ఎథిక్స్ కమిటీకి ఈ ఏడాది నాలుగో ఫిర్యాదు. ముందు మూడూ వీల్‌చెయిర్లకు కొలతలు తీసేవాళ్ళ మీద. ఇది మాటల యంత్రం గురించి. మాట రానివాళ్ళు బొమ్మ మీద నొక్కితే వాళ్ళ తరఫున పలికే టాబ్లెట్. వాడేది ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, ఫిర్యాదు రాసింది ఆమె పిన్ని. మేం సర్టిఫికెట్ ఇచ్చిన నిపుణుడొకడు అందులోంచి ‘వద్దు’, ‘ఆపండి’ తీసేశాడట.

నిపుణుడి పేరు చూసి కాగితం బోర్లా పెట్టేశాను. వాడు నా శిష్యుడు.

మార్చి 5, మంగళవారం. ఉదయం 6

ఫైలంతా చదివాను. ఫిజియోథెరపీలో కూతురు అస్తమానం ‘వద్దు’ నొక్కుతోందని, ఇలాగైతే వ్యాయామం సాగదని తండ్రి మొరపెట్టుకున్నాడు. వీడు ఆ రెండు బటన్లూ దాచేశాడు. నాలుగు నెలలు. ఒకరోజు తన చెయ్యి పట్టి పైకి లేపుతున్న థెరపిస్టును ఆ అమ్మాయి రక్తం వచ్చేలా కొరికింది. ఇంట్లోవాళ్ళు పొగరన్నారు. పిన్ని ఒక్కతే పట్టుబట్టి ఎక్స్‌రే తీయించింది. భుజం దగ్గర ఎముక చిట్లి ఉంది.

ఒళ్ళు మండిపోయింది. శిష్యుడైతే మాత్రం? సర్టిఫికెట్ రద్దు చేయాల్సిందే.

మార్చి 6, బుధవారం

వాడు నా దగ్గర చదువుకున్నాడని మిగతా ఇద్దరు సభ్యులకూ చెప్పాను. ఈ ఫీల్డులో సగంమంది మీ దగ్గర చదివినవాళ్ళే మేడమ్, అలా తప్పుకుంటూ పోతే కమిటీకి తాళం వేసుకోవాల్సిందే అని నవ్వారు.

మార్చి 11, సోమవారం

విచారణ. అమ్మాయి పిన్నితో వచ్చింది. చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది.

బటన్ దాచినా దాని చోటు ఖాళీ గడిలా అలాగే ఉంటుంది. యంత్రం ప్రతి నొక్కునూ గుర్తు పెట్టుకుంటుంది. లాగ్ తెరిపించాను. నాలుగు నెలల్లో ‘వద్దు’ ఉండాల్సిన ఖాళీ గడిని మూడువందల పన్నెండుసార్లు నొక్కింది.

తప్పంతా నాదే అన్నాడు శిష్యుడు. ఇలా ఎక్కడ నేర్చుకున్నావని సభ్యుడొకరు అడిగితే, ఎక్కడా లేదు సార్, నాకే తోచింది అన్నాడు. అంతసేపూ నా వైపు ఒక్కసారీ చూడలేదు. నా మీద భయమనుకున్నాను.

మార్చి 12, మంగళవారం

రద్దు ఆర్డరులో, వీడికి శిక్షణలో ఏం చెప్పామో రాయాలి. బీరువాలోంచి నా పాత పాఠాల ఫైలు తీశాను. మూడో పేజీ. నా చేతిరాతే. ‘మొదటి నెల ‘వద్దు’ బటన్ దాచండి. కొత్తవాళ్ళు దాన్నే పట్టుకుని కూర్చుంటారు, మిగతా మాటలు నేర్చుకోరు.’

నేను నెల అన్నాను. వాడు నాలుగు నెలలు ఉంచాడు.

పై వాక్యం రాశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 12, సాయంత్రం

మావారికి చెప్పాను. బట్టలు మడతపెడుతూ విన్నారు. మొత్తం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పావని అడిగారు. తొమ్మిది అన్నాను. చేతిలో తువ్వాలు పక్కన పెట్టి, మరి ఆ ఇళ్ళ సంగతేంటి అన్నారు. ఈయన ఎప్పుడూ ఇంతే, ఊరుకోమంటారనుకున్నప్పుడు ఊరుకోమనరు.

మార్చి 13, బుధవారం

శిష్యుడికి ఫోన్ చేశాను. మూడో పేజీ గుర్తుందన్నాడు. ఒకరు పోతే సరిపోయేదానికి ఇద్దరెందుకు మేడమ్, వదిలేయండి అన్నాడు. ఏడుపొచ్చి పెట్టేశాను.

మార్చి 18, సోమవారం

మూడో పేజీ కమిటీ ముందు పెట్టి నేను తప్పుకున్నాను. మిగతా ఇద్దరూ అది చూశాక రద్దు బదులు వాడికి ఏడాది సస్పెన్షన్ వేశారు. ఎముక చిట్లింది, అంతకన్నా తగ్గించలేమన్నారు. న్యాయమే.

తొమ్మిది బ్యాచ్‌లకూ మెయిల్ పెట్టాను. నేను చెప్పింది తప్పు, దాచినవన్నీ ఈరోజే తెరవండి అని. సాయంత్రానికి నలభై ఒక్కమంది తెరిచామని జవాబిచ్చారు. నలభై ఒక్కమంది! ఒక్కొక్కరి చేతి కింద ఎన్ని ఇళ్ళో అడిగే ధైర్యం లేకపోయింది.

తర్వాత ఫిర్యాదు ఫారం ఒకటి నింపి ఆఫీసులో ఇచ్చాను.

మార్చి 20, బుధవారం

ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. ఫిర్యాదు చేసినవారు అన్నచోటా, ఎవరి మీద అన్నచోటా ఒకే పేరు పడింది మేడమ్, దిద్దమంటారా అన్నాడు.

వద్దన్నాను.