వీపు మాత్రమే కనిపించిన మనిషి

జూన్ 11

వీడియో వచ్చింది. అన్నయ్య షిప్ మునిగిన చోట చేపల పడవ నుంచి ఎవరో ఫోన్‌లో తీసింది. పెట్రోల్ బోటు డెక్ మీద ఆరెంజ్ జాకెట్‌లో ఒక మనిషి గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు పూర్తిగా మడిచి, తల వంచి. వీపు మాత్రమే కనిపిస్తుంది. పక్కన ఎవరివో బూట్లు.

ఆ బోటు ఆ సముద్రం కాపలా కాసే దేశం నేవీది. పేరు రాయబుద్ధి కాదు. నీళ్ళలోంచి ఒక్కరినీ తీయలేదని ఇన్నాళ్ళూ చెప్తున్నది వాళ్ళే.

అమ్మ ఒక్కసారి చూసి, మన శాంసనే, నా కొడుకు వీపు నాకు తెల్వదా, అంది. ఫోన్‌ని ముద్దు పెట్టుకుంది.

జూన్ 12

వాట్సాప్ గ్రూప్‌లో నాలుగు ఇళ్ళవాళ్ళు ఆ వీపు మావాడిదే అంటున్నారు.

జూన్ 14

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏజెంట్ పట్టాభి గారి ఆఫీసు. కింద టిఫిన్ సెంటర్, పైన బ్యాంక్ కోచింగ్, మధ్యలో సముద్రం ఉద్యోగాలు. నాలుగు ఇళ్ళవాళ్ళూ మావాడే అని సంతకాలు పెట్టారు. అమ్మ కూడా.

అంతా అయ్యాక పట్టాభి గారు అసలు సంగతి చెప్పారు. రెండు దేశాల ఎంక్వైరీ గురువారం. ఎవరైనా ఒక్కరు గట్టిగా గుర్తుపడితేనే, మా మనిషి మీ బోటులో ఉన్నాడు కదా అని మనవాళ్ళు నిలదీయగలరట. నలుగురూ మావాడే అంటే ఆ వీడియో ఎందుకూ పనికిరాదండి, మీలో మీరే తేల్చుకోండి, అన్నారు.

పెద్ద అంబర్‌పేట్ నుంచి అండాలమ్మ గారు వచ్చారు. అన్నయ్యతో అదే షిప్‌లో ఉన్న గౌతమ్ వాళ్ళ అమ్మ. అక్కా, మీవోడు గంత సన్నగుంటడా, అని అడిగింది. సముద్రం తిండికి ఏనుగు గూడ సన్నబడ్తది చెల్లె, అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. చేతులు పట్టుకుని కూర్చునే పోట్లాడుకున్నారు.

నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడు మాట్లాడాను కనుక.

జూన్ 16

అన్నయ్య గొంతుక్కూర్చోలేడు.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బండి మీంచి పడ్డప్పుడు కుడి కాలికి రాడ్ వేశారు. అప్పటి నుంచి మోకాలు సగమే మడుస్తాడు. చర్చిలో అందరూ మోకరిస్తే తనొక్కడే నిలబడేవాడు. ప్రభువుకి నేనే ముందు కనిపిస్త, అనేవాడు. షిప్ ఉద్యోగం ఎలా ఇస్తారని భయపడితే, వంటవాడికి చేతులుంటే చాలు లెండి, అన్నారు పట్టాభి గారు.

అమ్మకు ఇదంతా తెలుసు. అయినా వీపే చూస్తోంది.

అది గౌతమ్ అయితే? మేం అడ్డు తప్పుకుంటే?

జూన్ 19

హియరింగ్. పట్టాభి గారి లాప్‌టాప్‌లో ఒకవైపు ఢిల్లీ ఆఫీసర్లు, ఒకవైపు ఆ నేవీ తెల్ల యూనిఫాంలు. అమ్మ మాటలు నేను ఇంగ్లీషులో చెప్పాలి. తెల్ల యూనిఫాంలో ఒకాయన, మా స్కూల్లో ప్రిన్సిపల్ సిస్టర్ అంత మర్యాదగా, ఈయన మీ అబ్బాయేనా అని అడిగాడు.

అమ్మ, యేసయ్య సాక్షిగా నా బిడ్డే, అంది.

నేను నో సర్ అన్నాను. మా అన్నయ్య మోకాలు అలా మడవదు, మా అమ్మ అదే చెప్తోంది, అన్నాను. పట్టాభి గారు టేబుల్ వైపు చూస్తూ ఉండిపోయారు.

బయటికొచ్చాక అమ్మ నా తల నిమిరింది. మంచిగ చెప్పినవ్ బిడ్డా, నీ ఇంగ్లీషు చూస్తే అన్న మురిసిపోతుండె, అంది.

జూన్ 20

అన్నం తినలేదు.

జూలై 2

ఢిల్లీ నుంచి మెయిల్. మావాడే అని సంతకం పెట్టిన ఒక కుటుంబం హియరింగ్‌లో కాదంది కనుక, మిగతా కుటుంబాల మాట కూడా నమ్మలేమని వాళ్ళ నేవీ వాదించింది. వీడియో తోసేశారు. సిబ్బంది అంతా సముద్రంలో చనిపోయినట్టే భావించాలట. ఎంక్వైరీ ముగిసింది.

అండాలమ్మ గారు ఫోన్ చేసి, ఎవలక్కా కాదన్నది, ఎవల నోరది, అని ఏడ్చింది. అమ్మ కూడా ఆమెతో కలిసి ఆ నోటిని తిట్టింది.

ఫోన్ పెట్టేశాక అమ్మకు చెప్పాను. నేనే అని. మోకాలి సంగతి కూడా.

అమ్మ తిట్టలేదు. నెత్తి మీద తుపాకీ ఉంటే కూసోడా బిడ్డా, అంది.

జూలై 5

అన్నయ్య రాడ్‌లా కుడి మోకాలికి చెక్క స్కేలు ఆనించి, చున్నీతో బిగించి కట్టుకున్నాను. కళ్ళు మూసుకుని మడిచాను. స్కేలు విరిగింది.

కూర్చోవచ్చు.